బాస్‌కి తగిన ఎర

మా ఆయనకి చేపతో ఉన్న పరిచయమంతా పులుసులోనే. అది కూడా తోక వైపు ముక్క వేస్తేనే. తల ముక్క వేస్తే అది తననే చూస్తోందని కంచం పక్కకి తిప్పుకుంటారు. అలాంటి మనిషి ఒకరోజు సోఫాలో కూర్చుని, ఫోన్లోంచి తలెత్తకుండా, "గీతా, మనకి మీడియం హెవీ రాడ్డు సరిపోతుందంటావా, హెవీకి వెళ్దామా?" అని అడిగారు. సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి రాడ్డు అంటే ఇంకేమనుకుంటాం? నాతో ఒక్కమాట చెప్పకుండా ఇంటికి ఇనుము కొనేస్తున్నారనుకుని ఒళ్లు మండింది.

"ఎక్కడ కడుతున్నారేంటి ఇల్లు?" అన్నాను.

"ఇల్లు కాదు. చేపలు."

"చేపలకి రాడ్డెందుకండీ?"

"పట్టడానికి. బాస్‌కి బాస్ అంటే ఇష్టమట."

ఈ మాట అర్థం కావాలంటే మా సంగతి కొంచెం చెప్పాలి. మేం నందిగామలో ఉంటాం. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన నరేంద్ర, జగ్గయ్యపేట అవతల ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్. లారీలో ఎన్ని బస్తాలు ఎక్కాయో చూసి సాగనంపడం ఉద్యోగం. పెళ్లయ్యాక చాలా ఏళ్లు నేను దివిసీమలో నాగాయలంకలో, ఆయన ఇక్కడ. ఆయన నాకు ఆదివారం మొగుడు. కిందటేడు బదిలీల కౌన్సెలింగులో నాకు నందిగామ దొరికింది. ఇద్దరం ఒక ఇంట్లో ఉండటం అప్పుడు మొదలైంది. ఆయన గురక పెడతారని కూడా అప్పుడే తెలిసింది. నవ్వుకోండి, ఆ గురక వింటూ పడుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉండేది.

అంతలో ఫ్యాక్టరీలో ఒక కబురు పుట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో కంపెనీ కొత్త ప్లాంటు మొదలుపెడుతోంది, డిస్పాచ్ నుంచి ఒకరిని అక్కడికి పంపాలి. ఎవరన్నది కొత్తగా వచ్చిన ప్లాంట్ హెడ్ చేతిలో ఉంది. సెక్షన్‌లో అక్కడికి పంపగలిగిన వాళ్లు ఇద్దరే, మా ఆయనా, ఆయన స్నేహితుడు ఇక్బాలూ. నా ఉద్యోగం నాతో పాటు ఛత్తీస్‌గఢ్ రాదు. ఆయన పేరు రాస్తే ఈసారి ఆదివారం మొగుడు కూడా కాదు, పండక్కి మొగుడే. నాకు ఆ ఊహే భరించరానిదిగా ఉంది.

కొత్త ప్లాంట్ హెడ్ పేరు ప్రేమదాసు గారు. వస్తూనే తనని పరిచయం చేసుకుంటూ అందరికీ ఇంగ్లీషులో ఒక మెయిల్ పెట్టారు. చదువు, పనిచేసిన చోట్లు, చివర్న హాబీలు. రీడింగ్, గార్డెనింగ్, ఆ పక్కన బి, ఏ, ఎస్, ఎస్. అంతే, ముందూ వెనకా ఇంకేం లేదు.

"బాస్‌కి బాస్ స్పెల్లింగ్ రాదేంది భాయ్?" అన్నాడట ఇక్బాల్. వాళ్లది గరికపాడు అవతల కోదాడ వైపు, అందుకే ఆ యాస.

మా ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆ నాలుగక్షరాలూ గూగుల్లో కొట్టారు. ఇంత నోరు తెరుచుకుని ఆకుపచ్చ చేప ఒకటి ఫోన్ నిండా ప్రత్యక్షమైంది. అమెరికాలో పెద్ద పెద్ద ఆఫీసర్లు సెలవు రోజుల్లో పడవలెక్కి దాన్ని పట్టి, ముద్దుపెట్టుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారట. వండుకోకుండా వదిలేస్తున్నారంటే అది కచ్చితంగా హాబీయే అని మా ఆయన తేల్చేశారు.

"ఆయన్నే అడగొచ్చుగా, సార్, మీకు చేపలంటే ఇష్టమా అని?"

"అడిగితే కాకా పడుతున్నామని తెలిసిపోదూ?"

ఆ రోజు నుంచి మా ఇంట్లోకి గడ్డం పెంచిన అమెరికా ఆయన ఒకడు ప్రవేశించాడు. యూట్యూబులో. నేను అన్నం వడ్డిస్తుంటే ఆయన పడవ మీద నిలబడి పాఠం చెబుతుంటాడు. నీళ్లు తేటగా ఉంటే ఎర సహజమైన రంగులో ఉండాలట. బురదగా ఉంటే నల్లగానో, మెరుస్తూనో ఉండాలట. నాచూ తుంగా ఉన్నచోట రబ్బరు కప్ప వేయాలి. లోతుగా ఉంటే రబ్బరు పురుగుని ముక్కుకి సీసపు గుండు కట్టి అడుగునే ఈడ్చాలి, దాని పేరు టెక్సాస్ రిగ్గు. టెక్సాస్ ఎక్కడుందో నేను పిల్లలకి మ్యాపులో చూపిస్తాను గానీ, అక్కడ పురుగుల్ని కూడా ఈడుస్తారని నాకు తెలియదు.

"అంతా బాగుందిగానీ, ఆ బాస్ మన దగ్గర లేదుగా. దేన్ని పడతారు?"

"కొర్రమీను. రెండిటి స్వభావం ఒకటేనట. నాచు కింద నక్కి ఉంటుంది. పైన కప్ప కదిలిందో, ఒక్క గుటక."

"మీ ప్లాంట్ హెడ్ స్వభావం కూడా అదేనా?"

"ఊరుకో గీతా, నాకసలే భయంగా ఉంది" అన్నారు. నిజంగానే భయపడుతున్నారు. ఛత్తీస్‌గఢ్ ఆయనకి కూడా నిద్ర పట్టనివ్వడం లేదు. అందుకే నేను వెక్కిరించడం తగ్గించి, బెజవాడ వెళ్లి సామాను తెస్తానంటే సరే అన్నాను.

రాడ్డు మీడియం హెవీదే తెచ్చారు. రీలు దగ్గరే వచ్చింది తంటా. స్పిన్నింగ్ రీలని ఒకటి ఉంది, మొదటిసారి పట్టుకునేవాళ్లకి అదే మంచిదని గడ్డం ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బెయిట్‌కాస్టింగ్ రీలని ఇంకోటి ఉంది. దాంతో విసిరేటప్పుడు బొటనవేలితో దారాన్ని అదుపులో పెట్టుకోవాలి, చెయ్యి తిరిగినవాళ్లకే లొంగుతుంది. మా ఆయన రెండోదే తెచ్చారు.

"మొదటిది వాడితే బాస్ ఏమనుకుంటారు? నేర్చుకుంటున్నామని తెలిసిపోతుంది" అన్నారు.

చేపకి నచ్చే సామాను ఎవరైనా కొంటారు. మా ఆయన కొన్నది ప్లాంట్ హెడ్‌కి నచ్చే సామాను. ఎరలు పెట్టుకునే పెట్టె పోపుల డబ్బాలాగా గదులు గదులుగా ఉంది. ఆవాలుండే చోట రబ్బరు పురుగులు, మెంతులుండే చోట సీసపు గుండ్లు. మధ్యలో వెండి రేకులు వేలాడేది ఒకటి ఎంత ముద్దుగా ఉందో! చెవి దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకోబోతే, "గీతా, హుక్కు!" అని కేకపెట్టి లాక్కున్నారు. కొక్కేలు లేకపోతే ఆ జూకా నేనే ఉంచుకుందును.

విసరడం డాబా మీద నేర్చుకున్నారు. బకెట్టు గురి. మొదటి విసురుకి రీలు తిరిగింది గానీ దారం ముందుకి పోలేదు, లోపలే చుట్టలు పడి పిచ్చుక గూడైపోయింది. ఆ చిక్కు నేనే కూర్చుని విప్పాను. రెండో విసురుకి రబ్బరు కప్ప బకెట్టు మీదుగా ఎగిరి, పిట్టగోడ దాటి, పక్కింటి దండెం మీదున్న పుల్లమ్మగారి చీరని పట్టుకుంది. మా ఆయన అది చేపే అన్నంత గట్టిగా లాగారు.

"అమ్మా గీతా!" అని అరిచింది పుల్లమ్మగారు వీధంతా వినపడేలా. "మీ ఆయన నా చీర లాగుతున్నాడమ్మా!"

"నేను లాగట్లేదండీ పిన్నిగారూ, అదే తగులుకుంది!" అన్నారు ఈయన, ఇంకా లాగుతూనే.

ఆ చీరకి బదులు నా పెట్టెలోంచి కొత్త చీర ఒకటి పుల్లమ్మగారింటికి వెళ్లింది. వీధిలో మా ఆయన ఎదురుపడితే ఆడవాళ్లు కొంచెం పక్కకి తప్పుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

ఇక అసలు చేపకి ఎర వేయడం. ఇక్కడ మాత్రం మా ఆయన గడ్డం ఆయన్ని మించిపోయారు. వేటగాడు చేపకి కనపడకూడదు, ఎరే కనపడాలి. అందుకని వాట్సాప్‌లో తన ఫోటో మార్చి, డాబా మీద టోపీ పెట్టుకుని రాడ్డు పట్టుకున్నది పెట్టారు. వెనకాల నీళ్ల ట్యాంకు కనపడకుండా జాగ్రత్తగా కత్తిరించారు. ఎరల పెట్టె ఆఫీసు బల్ల మీద మూత తీసి వదిలారు. ప్లాంట్ హెడ్ వరండాలో నడుస్తుంటే ఇక్బాల్‌ని పక్కన పెట్టుకుని చేపల గురించి గట్టిగా మాట్లాడేవారు. ఇక్బాల్‌కి ఇదంతా ఎందుకో తెలియదు, మా ఆయనకి నిజంగానే చేపల పిచ్చి పట్టిందనుకున్నాడు.

చివరికి ఒక సాయంత్రం ఇంటికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా, "పడింది గీతా!" అన్నారు.

ప్రేమదాసు గారు బల్ల దగ్గర ఆగారట. పెట్టెలోకి తొంగి చూశారట.

"మీకు ఫిషింగ్ ఇష్టమా నరేంద్ర గారూ?"

"ప్రాణం సార్."

"ఎన్నాళ్లనుంచి?"

"చిన్నప్పట్నుంచీ సార్."

"అలాగా! అయితే ఒకసారి నాకూ చూపించాలి మరి. అమ్మగారిని కూడా తీసుకురండి."

రెండో శనివారం పొద్దున బయల్దేరాం. బండి వెనకాల నేను, నా చేతిలో నిలువునా రాడ్డు, భుజానికి క్యారియరు సంచి. చిల్లకల్లు దగ్గర టీకి ఆగితే హోటలాయన రాడ్డుకేసి ఎగాదిగా చూసి, "ఏ పార్టీ మీటింగండీ?" అని అడిగాడు. "ఇంకా తేల్చుకోలేదండీ" అన్నాను. మా ఆయన నవ్వలేదు. దారి పొడుగునా బొటనవేలు ఎలా పెట్టాలో గొణుక్కుంటూనే ఉన్నారు.

చేరింది ఫ్యాక్టరీ వాళ్ల పాత క్వారీకి. సున్నపురాయి తవ్వుకుని వదిలేసిన గుంత. వానల నీళ్లు చేరి చెరువంత అయింది. చుట్టూ తెల్లటి రాతి గోడలు మెట్లు మెట్లుగా, ఒక పక్క తుంగ, నాచు. ప్రేమదాసు గారు అప్పటికే వచ్చి మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. నిండైన మనిషి, ఆ తలకి కూడా పెద్దదైన టోపీ. చేతిలో కొత్త రాడ్డు, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

"చూశారా, కవరు కూడా విప్పలేదు" అన్నాను చిన్నగా.

"పెద్దవాళ్లు. ట్రిప్పుకొక కొత్త రాడ్డు వాడతారేమో" అన్నారు మా ఆయన భక్తిగా.

ఇద్దరూ నీళ్ల ఒడ్డున నిలబడ్డారు.

"తేట నీళ్లు. సహజమైన రంగు వేద్దామంటారా?" అన్నారు ప్రేమదాసు గారు.

"అదే అనుకుంటున్నా సార్."

"తుంగ ఉన్నచోట ఫ్రాగ్."

"ఫ్రాగే సార్. కాసేపు కదపకుండా ఉంచి, చిన్నగా ఒక్క కుదుపు."

"అవునవును. చేప ఆలోచించుకోవడానికి టైమివ్వాలి."

ఈ మాటలు వరసగా, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా, భోజనాల దగ్గర నేను రోజూ వింటున్నవే. నాకు అనుమానం మొదలైంది. ఆ తర్వాత విసరడం చూశాక అనుమానం ముదిరింది. పెద్దాయన కంటే దూరం వేస్తే బాగుండదని మా ఆయన దగ్గర్లోనే వేశారు. ఆ మర్యాద లేకపోయినా అంతే దూరం పడేదనుకోండి. ప్రేమదాసు గారిది ఇంకా దగ్గర, సరిగ్గా తన బూటు ముందు పడింది. "బ్రహ్మాండం సార్" అన్నారు మా ఆయన. "మీ ముందు నాదెంత" అన్నారు ఆయన. ఎండెక్కేదాకా ఇదే వరస. చేపలు ఆలోచించుకుంటూనే ఉన్నాయి.

భోజనానికి పిలిచాను. మా ఆయన తన రాడ్డుని ఒక రాయికి ఆనించి, కప్పని తుంగ పక్కన నీళ్లలోనే వదిలేసి వచ్చారు. పులిహోర, కోడి వేపుడు, పెరుగన్నం. పెరుగన్నం దగ్గర ప్రేమదాసు గారికి మనసు తేలికపడి ఏదో కూనిరాగం తీశారు. లోతైన గొంతు, క్వారీ గోడలకి తగిలి తిరిగొచ్చింది. నేను నిజంగా ముచ్చటపడ్డాను.

"ఎంత బాగుందండీ మీ గొంతు!"

"బేస్ అమ్మా. గుంటూరులో మా చర్చి క్వయర్లో ఎప్పుడూ కింది స్వరం నాదే. మెయిల్లో కూడా రాశానుగా, హాబీల్లో."

మా ఆయన నోటిదాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగింది. "బి, ఏ, ఎస్, ఎస్..." అన్నారు పీలగా.

"అదే. రాసేదొకటి, పలికేదొకటి. బేస్ అంటాం."

"మరి... చేపలు సార్?"

"నాకేం తెలుసండీ!" అని నవ్వారు ఆయన. "మీకు ప్రాణమన్నారు. కొత్తచోట స్టాఫ్‌తో కలవాలంటే వాళ్లకి ఇష్టమైంది మనమూ నేర్చుకోవాలిగా. ఎవరో గడ్డం ఆయన వీడియోలున్నాయి, కూర్చుని చూశా."

నాకు నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎంత మంచి మనిషి! నిజం చెప్పేయడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. ముగ్గురం కడుపుబ్బా నవ్వుకుని ఇంటికెళ్లిపోవచ్చు. చెప్పండి అని మా ఆయన మోకాలు గిల్లాను. ఆయన మోకాలు పక్కకి జరుపుకున్నారు. ఆ మొహం నాకు తెలుసు. ఒక మాట తప్పుగా చదివి ఇంత నాటకం ఆడానని ఒప్పుకోవడం ఆయనకి చావుతో సమానం.

"నాకైతే ప్రాణమే సార్" అన్నారు. "మునేట్లో ఈదుతూ పెరిగినవాణ్ని కదండీ."

మా ఆయనకి ఈత రాదు. మునేటి వంతెన మీద బండి నడిపేటప్పుడు కూడా కిందకి చూడరు.

"హమ్మయ్య! అయితే నేను మంచి పనే చేశా" అన్నారు ప్రేమదాసు గారు చెయ్యి కడుక్కుంటూ. "సోమవారం చెబుదామనుకున్నా, అమ్మగారు కూడా ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ఛత్తీస్‌గఢ్‌కి డిస్పాచ్ నుంచి ఒక పేరు పంపాలి కదా. ముందు ఇక్బాల్ పేరే అనుకున్నా. మీ సంగతి తెలిశాక మనసొప్పలేదు. ఆ ప్లాంటు పక్కనే పెద్ద రిజర్వాయరండీ! క్వార్టర్స్ గుమ్మంలో కూర్చుని గాలం వేయొచ్చట. ఇలాంటి చోటికి ఇష్టం ఉన్నవాళ్లని పంపాలిగానీ వేరేవాళ్లని పంపితే ఏం లాభం? నిన్ననే మీ పేరు హెడ్డాఫీసుకి పంపేశా."

"థాంక్యూ సార్" అన్నారు మా ఆయన.

అలవాటు. మేనేజర్లు ఏం చెప్పినా ఆయన నోటి నుంచి ముందు అదే వస్తుంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ ఒంటి వంట, ఒంటి గది, ఫోన్లో కాపురం. ఆ క్షణాన ఆయన్ని ఆ గుంతలోకి తోసేయాలన్నంత కోపం వచ్చింది, దగ్గరకి లాక్కుని ఏడవాలని కూడా అనిపించింది. ఆయన నా మొహం చూశారు. చూసి, పెరుగు చేత్తోనే లేచి నిలబడ్డారు.

"సార్, ఒక్కమాట..."

రాయికి ఆనించిన రాడ్డు ఒక్కసారి వంగి, సర్రున నీళ్లవైపు జారింది.

"పట్టింది! నరేంద్ర గారూ, పట్టింది!" అని ప్రేమదాసు గారు కుర్చీ తన్నేసి లేచారు.

రాడ్డు పోతే కొన్నదంతా పోతుందని తప్ప, మా ఆయన మనసులో వేరే ఉద్దేశం లేదు. పరిగెత్తి పడబోతూ పిడి అందుకున్నారు. జారుతున్న దారం ఒరుసుకుని బొటనవేలు మండి కేకపెట్టారు. రీలులో దారం ఎప్పట్లాగే చిక్కుపడి బిగుసుకుపోయింది, అదే మేలైంది. రాడ్డు చంకలో ఇరికించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, బావిలోంచి చేద లాగినట్టు లాగారు. అటు చివర తుంగని చీల్చుకుంటూ నల్లటి కొర్రమీను, నా మోచెయ్యంత, ఒడ్డుకొచ్చి ఎగిరెగిరి పడింది.

ప్రేమదాసు గారి ఆనందానికి అంతులేదు. చేపని మా ఆయన చేతుల్లో పెట్టించి ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. అది ఆయన చొక్కా మీద తోకతో టపటపా కొడుతోంది. ఆయన మొహం చేప మొహం కంటే పాలిపోయి ఉంది.

"సార్, నాకు చేపలు పట్టడం రాదు సార్!" అన్నారు. ఇప్పుడు చెప్పారు, ఒక్క గుక్కలో, సిగ్గంతా వదిలేసి. "నిజంగా రాదు. మీ మెయిల్ తప్పు చదివా. మీకిష్టమనుకుని నేర్చుకున్నా. గాలం పట్టుకోవడం ఇదే మొదటిసారి. నన్ను పంపకండి సార్!"

ప్రేమదాసు గారు ఫోన్ దించి ఆయనకేసి అభిమానంగా చూశారు.

"ఇంత చేప చేతిలో పెట్టుకుని ఈ మాటంటున్నారు చూడండి. ఈ వినయమేనండీ మీలో నాకు నచ్చింది. ముందు ఇక్బాల్‌ని అనుకున్నా కదా అని స్నేహితుడి కోసం త్యాగం చేస్తున్నారా? మీరేం మొహమాటపడకండి. ఆయనకి వేరే చోటు చూస్తాం."

"నిజమేనండీ" అన్నాను నేను. "ఈయనకి ఓనమాలు కూడా తెలీవు."

"ఇంట్లోవాళ్లు ఎప్పుడూ అలాగే అంటారమ్మా. నేను పాడితే మా ఆవిడ మహిమ, గేదె ఈనుతోందా అని అడుగుతుంది" అంటూ ఆయన ఫోటోని ఛత్తీస్‌గఢ్ ప్లాంట్ హెడ్‌కి పంపారు. నిమిషంలో ఫోన్ మోగింది. తెరకేసి చూసి మురిసిపోయారు.

"ఆయన ఎదురుచూస్తున్నారట నరేంద్ర గారూ! ఇంత చేపకి ఏం ఎర వేశారని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

మా ఆయన చేపని పట్టుకుని నావైపు చూశారు.

"మా కాపురం అని చెప్పండి" అన్నాను.

సరదాకి అన్నాననుకుని ప్రేమదాసు గారు పెద్దగా నవ్వారు. మా ఆయన నవ్వలేదు.